మల్కాజ్‌గిరి పాస్‌వర్డ్

సొంత డబ్బు కట్టి సినిమా చూసేవాడంత దిక్కులేనివాడు ఈ లోకంలో ఇంకొకడు ఉండడు!

కోపం తెచ్చుకోకండి. మీలో అలాంటివాళ్ళు ఒకరిద్దరు ఉంటే ఉండవచ్చు. మీ పేరు మీద, మీ కార్డు మీద నెలనెలా కట్టి, మీ టీవీలో మీరే చూసుకుంటున్నారా? అయ్యో పాపం! మీకు బావమరుదులు లేరా? పాత రూమ్మేట్లు లేరా? ఆఫీసులో పక్క సీటువాడితో కూడా పడదా? అడిగితే పాస్‌వర్డ్ చెప్పే మనిషి ఒక్కడంటే ఒక్కడు లేకుండా ఇన్నేళ్ళు ఎలా బతికారండీ?

ఈ కాలమ్ రాయని వేళల్లో నేను యూనివర్సిటీ పరీక్షల విభాగంలో సూపరింటెండెంటుని. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ పిల్లల మార్కులు కూడుతున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, మనిషికి ఈ రోజుల్లో ఒకటే పరీక్ష మిగిలింది. అప్పు అడిగితే ఇస్తారా లేదా అన్నది పాత సిలబస్. పాస్‌వర్డ్ అడిగితే చెబుతారా లేదా? అదీ కొత్త సిలబస్! అందులో పాసైనవాడే బంధువు, తక్కిన వాళ్ళంతా పెళ్ళిళ్ళలో ఫొటో కోసం పక్కన నిలబడేవాళ్ళు.

మా తార్నాక అపార్ట్‌మెంటునే తీసుకోండి. ఇరవై నాలుగు ఫ్లాట్లు. ఏ ఇంటి తలుపు తట్టినా కొత్త సినిమాయే. కట్టేది ఎవరని లిఫ్టులో నిలబడి నేను స్వయంగా విచారణ జరిపాను. మూడో అంతస్తు రఘువీర్ తన బావమరిది ఖాతాలో చూస్తాడు. ఆ బావమరిది తన మేనేజర్ ఖాతాలో చూస్తాడు. ఆ మేనేజర్ ఎవరి ఖాతాలో చూస్తాడో అడగడానికి రఘువీర్‌కి మొహమాటం. కానీ ఆ పాస్‌వర్డ్‌ని మొదటి అంతస్తు వాళ్ళకీ, వాచ్‌మన్ మల్లన్నకీ, ఇస్త్రీ బండి ఆయనకీ ధారాళంగా పంచిపెట్టడానికి మాత్రం ఏ మొహమాటమూ లేదు. అత్త సొమ్ము అల్లుడు దానం అని మన పెద్దలు ఇంటర్నెట్ రాకముందే కనిపెట్టారంటే వాళ్ళ దూరదృష్టికి దండం పెట్టాలా, వద్దా?

రోడ్డు దాటితే క్యాంపస్. అక్కడ ఒక హాస్టల్లో రెండు వరండాల కుర్రాళ్ళు ఒకే ఖాతాలో చూస్తారు. అది ఆరేళ్ళ కింద పీహెచ్‌డీ ముగించి ఉద్యోగానికి వెళ్ళిపోయిన ఒక సీనియర్‌ది. ఆయన ముఖం ఇప్పుడున్న వాళ్ళలో ఎవరూ చూడలేదు. అయినా ప్రతి ఏటా కొత్త బ్యాచ్ రాగానే ఆయన పేరు భక్తిగా చెప్పుకుంటారు. "ఒకేసారి ఎక్కువమంది చూస్తున్నారు" అని తెర మొరాయిస్తుంది కాబట్టి, ఎవరు ఎప్పుడు చూడాలో టైమ్‌టేబుల్ రాసి మెస్ గోడకి అంటించారు. టైమ్ అయిపోయి క్లైమాక్స్ తప్పిపోయిన వాడికి, చూసిన వాడు టీ ఇప్పించి మరీ కథ చెప్పాలని నిబంధన! సొంత ఖాతా ఉన్నవాడికి ఈ భాగ్యం ఏది? వాడి క్లైమాక్స్ వాడే చూసుకోవాలి. వాడి టీ వాడే తాగాలి.

ఇక ఇబ్బందులంటారా? ఉన్నాయి, కాదనను. సగం సినిమాలో లాగౌట్ అవుతుంది. మీరు ఆపిన చోట కాకుండా ఖాతా యజమాని మేనత్త ఆపిన చోట మొదలవుతుంది. మీకు భక్తి సినిమాలు చూపించాల్సిన యంత్రం ఎవరో దెయ్యాలు చూశారని మీకూ దెయ్యాలే వడ్డిస్తుంది. పొరుగింటి పుల్లకూర కదా, సర్దుకుపోవాలి. సర్దుకుపోవడమే సంసారం అని మనకి ఎవరో ఒకరు నేర్పించాలి కదా!

ఇక నా సంగతి. నేను నా తమ్ముడు దేవేందర్ ఖాతాలో చూస్తాను. వాడు మల్కాజ్‌గిరిలో ఉంటాడు, రైల్వేలో సిగ్నల్ మెకానిక్. లాలాపేట వైపు వెళితే మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ గట్టిగా పావుగంట దూరం. వాడికీ నాకూ రెండేళ్ళుగా మాటల్లేవు.

ఇందులో నా తెలివి గమనించారా? మాట్లాడని మనిషి ఖాతాలో దర్జాగా సినిమాలు! ఎంతటి విజయం!

మాటలు ఎందుకు పోయాయో కూడా చెబుతాను, దాచాల్సిందేమీ లేదు. ఈ తార్నాక ఫ్లాటు గృహప్రవేశం రెండేళ్ళ కింద చేశాం. మా వైపు ఆచారం ఏమిటంటే, అయినవాళ్ళని ఇంటికి వెళ్ళి, బొట్టు పెట్టి పిలవాలి. నేను ఆధునికుణ్ణి. కార్డు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. రెండువందల నలభై మందిని, ఒకే వేలితో, పెట్రోలు కాల్చకుండా, ట్రాఫిక్‌లో నిలబడకుండా పిలిచాను. నాగరికత అంటే అదే కాదూ? రెండువందల ముప్పై తొమ్మిది మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. దేవేందర్ ఒక్కడు పెట్టలేదు. రాలేదు కూడా. "సొంత తమ్మున్ని గుంపుల కలిపి పిలుస్తడా" అని వాడు అన్నట్టు ఎవరో నాకు చెప్పారు. "సొంత తమ్మునికి పిలుపేంది" అని నేను అన్నట్టు ఎవరో వాడికి చెప్పారు. ఆ ఎవరో ఎవరో గానీ, వాళ్ళ సిగ్నల్ ఎప్పుడూ పోదు.

పాస్‌వర్డ్ మాత్రం వాడు మార్చలేదు. మరచిపోయాడని నా అంచనా. అది మా అమ్మ రాములవ్వ పేరు, దాని పక్కన మా ఊరి పిన్‌కోడ్. తెర తెరవగానే నాలుగు బొమ్మలు కనిపిస్తాయి. దేవేందర్, వాడి కూతురు పూజ, పిల్లలు, నాలుగోది "అన్న". ఆ పేరు కూడా వాడు తీసెయ్యలేదు. అజాగ్రత్త! రైల్వేవాళ్ళు సిగ్నళ్ళు ఎలా చూసుకుంటున్నారో అని నాకు అప్పుడప్పుడు భయం వేస్తుంది.

ఈ సందర్భంలో నా పాఠకుల అభిమానం గురించి ఒక్క ముక్క. పోయిన నెల నాకు జ్వరం వచ్చి నాలుగు రోజులు మంచం దిగలేదు. టీవీ వైపు కూడా చూడలేదు. అయిదో రోజు పొద్దున ఎవరో ఒక సంచీ నిండా బత్తాయిలు తెచ్చి, పేరు చెప్పకుండా వాచ్‌మన్ మల్లన్నకి ఇచ్చి వెళ్ళారు. ఒక రచయిత నలతపడితే తార్నాక తల్లడిల్లిపోతుందని నాకు అప్పుడే అర్థమైంది. ఆ అజ్ఞాత పాఠకుడికి ఈ కాలమ్ ద్వారా కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

ఇలా హాయిగా సాగుతుండగా మా ఆఫీసుకి హరిచందన అనే పరిశోధక విద్యార్థిని వచ్చింది. థీసిస్ గడువు పొడిగింపు కోసం వచ్చి, సంతకం ఆలస్యమవుతుంటే, పనిలో పని అని నా చేతిలో ఒక ప్రశ్నావళి పెట్టింది. వేర్వేరు సంస్కృతుల్లో వినియోగదారులు చట్టబద్ధమైన వీడియో స్ట్రీమింగ్‌కి డబ్బు ఎందుకు కడతారు? అదీ ఆమె అంశం. కింద గడులు. సౌకర్యం కోసం. చట్టం భయం వల్ల. కళాకారుల మీద గౌరవంతో. బొమ్మ నాణ్యత కోసం. ఆఖరున ఒక చిన్న గడి, ఇతరములు.

"వేరే దేశాల ఫారాలు నీట్‌గా నిండి వచ్చినయ్ సార్," అంది పాపం. "ఇక్కడనే పరేషాన్ అయితున్న. అందరు పే చేస్తున్నం అంటరు. ఎవరి పేరు మీద అని అడిగితే, చాయ్ తాగుతవా బిడ్డా అంటరు."

"నువ్వు అడిగే ప్రశ్నే తప్పమ్మా," అన్నాను. ఇక అక్కడి నుంచి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. తక్కిన సంస్కృతుల్లో మనిషి సినిమా చూడడానికి కడతాడు. మన సంస్కృతిలో కట్టేవాడు వేరు, చూసేవాడు వేరు! వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదన్న జాతి మనది. దీనికి గడి ఎక్కడుంది? ఆమె శ్రద్ధగా రాసుకుంది. సంతకం ఇంకా కాలేదు కదా మరి.

"మీరు ఎవరి అకౌంట్ల చూస్తరు సార్?" అని అడిగింది చివరికి.

"చాయ్ తాగుతవా బిడ్డా," అన్నాను.

ఆ శుక్రవారం సాయంత్రం ఇంటికి వచ్చి టీవీ పెడితే, తెర మీద సినిమాకి బదులు ఒక వాక్యం కనిపించింది. "ఈ టీవీ ఖాతాదారుడి ఇంటికి చెందినది కాదు." కింద రెండు బటన్లు. ఖాతాదారుడి ఫోన్‌కి కోడ్ పంపమంటే మొదటిది నొక్కాలి, పావుగంటలో ఆ కోడ్ కొట్టాలి. లేదా రెండోది నొక్కి సొంత ఖాతా తెరుచుకోవాలి. ఇంకా కింద చీమకాళ్ళంత అక్షరాల్లో ఏదో ఉంది, కళ్ళజోడు లేక చదవలేదు.

చూశారా ఈ కంపెనీవాళ్ళ సేవాభావం! ఎవరు ఎవరి ఇంటివాళ్ళో తేల్చడానికి మనకి ఇన్నాళ్ళూ కులపెద్దలు, పంచాయతీలు, కోర్టులు కావలసి వచ్చాయి. ఏళ్ళకి ఏళ్ళు పట్టేది. ఇప్పుడు ఎక్కడో కూర్చున్న కంపెనీ, మన ముఖం కూడా చూడకుండా, ఒక్క క్షణంలో తీర్పు చెబుతోంది. దేవేందర్ ఇల్లు వేరు, నీ ఇల్లు వేరు. ఫీజు కూడా లేదు!

"మన పైసలతోని మనమే పెట్టుకుందాం, ఏం పోయింది?" అంది మా ఆవిడ రాజశ్రీ.

ఏం పోయిందా? నేను దిక్కులేనివాణ్ణి అయిపోనూ? ఈ వ్యాసం మొదటి వాక్యం ఏమైపోవాలి? కోడ్ పంపమని నొక్కితే అది దేవేందర్ ఫోన్‌కి పోతుంది. అంటే నేను వాడి ఖాతాలో చూస్తున్నట్టు వాడికి తెలిసిపోతుంది. రెండేళ్ళ విజయం ఒక్క బటన్‌తో బూడిదలో పోసిన పన్నీరు. రెండూ నొక్కకుండా, శని ఆదివారాలు ఆ వాక్యాన్నే చూస్తూ గడిపాం. నిజం చెప్పాలంటే, అది చదివిన ప్రతిసారీ నాకు ఎందుకో కాస్త కష్టంగానే అనిపించింది. జ్వరం తాలూకు నీరసం అయివుంటుంది.

సోమవారం హరిచందన మళ్ళీ వచ్చింది. ఈసారి నాకోసమే వచ్చింది. మల్కాజ్‌గిరి స్టేషన్ దగ్గర ఫారాలు పంచితే, ఎట్టకేలకి సొంత పేరు మీద సొంత డబ్బు కడుతున్న మనిషి ఒకాయన దొరికాడట.

"కానీ సార్, ఆయన ఆన్సర్‌ను ఏ గడిల వెయ్యాల్నో సమజ్ అయితలేదు. పేరు చెప్పకూడదు, రూల్. చదువుతా, మీరు చెప్పుండ్రి."

చదివింది. ఎందుకు కడుతున్నారు అన్నచోట ఆయన ఇలా రాశాడు: "నాకు చూసే టైం లేదు. బంద్ చేద్దామనుకున్న. బంద్ చేస్తే మా అన్నకు చెప్పాలె. ఆయనతోని మాటల్లేవు. అందుకే కడుతున్న."

నేను బల్ల మీది స్టాంపు ప్యాడ్ మూత తీసి, మళ్ళీ పెట్టాను.

"ఇంకొకటి ఉన్నది సార్. వారానికి ఎన్ని గంటలు చూస్తరు అని అడిగినం. గంటలు రాయలేదు. ఇట్ల రాసిండు." ఆమె కాగితం తిప్పింది. "నేను చూడ. అన్న ఏం చూసిండో చూస్త. పోయిన నెల నాలుగు రోజులు ఏం చూడలేదు. పానం బాగలేదేమో అనిపించింది. పోయి వాచ్‌మన్‌ను అడిగిన."

పాఠకులారా, బత్తాయిల విషయంలో పైన తెలిపిన కృతజ్ఞతలు వెనక్కి తీసుకుంటున్నాను. ఆ సంచీ ఇచ్చినవాడు నా కాలమ్ ఒక్కటి కూడా చదివి ఉండడు.

"ఏ గడి సార్?" అని అడిగింది హరిచందన. "చట్టం భయమా, సౌకర్యమా?"

"కొత్త గడి గీయమ్మా," అన్నాను. ఏం పేరు పెట్టాలంది. నాకు తెలియలేదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో జవాబు రాయకుండా కాగితం తిరిగి ఇవ్వడం నాకు అదే మొదటిసారి. ఆమె ఫైలు మాత్రం ఆ పూటే సంతకం చేయించి పంపాను.

సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా రిమోట్ అందుకుని మొదటి బటన్ నొక్కాను. కోడ్ పంపబడింది, అని వచ్చింది. నిమిషం గడవకముందే ఫోన్ మోగింది. ఆ పేరు నా ఫోన్ మీద కనిపించి రెండేళ్ళయింది.

"ఆరంకెలు చెప్త, రాస్కో," అన్నాడు దేవేందర్. మంచిగున్నవా లేదు, ఏం లేదు.

"మెసేజ్ పెడితే అయిపోవు గదరా," అన్నాను.

"పెట్టొచ్చు. గని వాట్సాప్ మనకు అచ్చిరాదు గదన్నా."

వాడు అంకెలు మొదలుపెట్టాడు. నాలుగు అన్నాడు. రిమోట్‌తో నాలుగు దాకా నడిపించాను. ఏడు అన్నాడు. "ఆగు, రిమోట్ నడుస్తలేదు," అన్నాను. రిమోట్ బాగానే ఉంది. "పూజ ఎట్లున్నది?" అని అడిగాను. పూజకి హబ్సిగూడలో ఒక ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చి ఏడు నెలలైందట. రోజూ మా ఇంటి ముందు నుంచే బస్సులో పోతుందట. ఈ సంగతి నాకు ఏ గ్రూపులోనూ రాలేదు.

"పానం ఎట్లున్నదే ఇప్పుడు?" అన్నాడు.

"మంచిగనే ఉన్న. బత్తాయిలు తియ్యగుండె."

అవతల వాడి వెనక ఏదో రైలు పోతున్న చప్పుడు వచ్చింది.

"నల్లగొండవి," అన్నాడు చివరికి.

మూడో అంకె ఏమిటో నేను అడగలేదు, వాడూ చెప్పలేదు. మా అమ్మ సంవత్సరీకానికి ఊరికి వేరువేరుగా వెళ్ళి వచ్చిన సంగతి, వాడి మోకాలి నొప్పి, నా షుగరు, అన్నీ అయ్యేసరికి తెర మీద కోడ్ గడువు ముగిసింది అని వచ్చింది.

"గడువు అయిపోయిందట," అన్నాను.

"ఇంకోటి పంపియ్. నాకేం పని లేదు," అన్నాడు, చూసే టైం లేదని రాసిన మనిషి.

ఈసారి కళ్ళజోడు పెట్టుకున్నాను. అడుగున ఉన్న చీమకాళ్ళ అక్షరాలు అప్పుడు కనిపించాయి. ఒక్కొక్క మాటా వాడికి చదివి వినిపించాను. కోడ్ కొట్టినా పదిహేను రోజులే పనిచేస్తుంది. శాశ్వతంగా కావాలంటే నెలకొకసారి ఖాతాదారుడు స్వయంగా ఈ ఇంటికి వచ్చి, తన ఫోన్‌ని ఇక్కడి వైఫైకి కలపాలి. అప్పుడు మాత్రమే ఇది ఆయన ఇల్లే అని కంపెనీ ఒప్పుకుంటుంది.

"అంటే నేను ఆడికి రావాల్నా?"

"రూల్ అట."

"రూల్ కోసం నేను రాను," అన్నాడు వాడు. నేను టీవీ వైపు చూస్తూ నిలబడ్డాను. తర్వాత మెల్లగా అన్నాడు, "పిలిస్తె వస్త."

కాబట్టి పాఠకులారా, ఈ రోజుల్లో వినియోగదారుణ్ణి పీడించే కంపెనీల మీద ఎవరైనా విరుచుకుపడితే నేను ఊరుకోను. నా తమ్ముడు ఈ ఇంటి గడప రెండేళ్ళుగా తొక్కలేదు. ఆ మాట రాజశ్రీ చాలాసార్లు చెప్పింది, నేను వినలేదు. నాకు నేను కూడా ఎప్పుడూ చెప్పుకోలేదు. చివరికి ఊరూ పేరూ తెలియని ఒక కంపెనీ తెర మీద రాసి చూపిస్తే తప్ప నాకు బుర్రకెక్కలేదు. సిగ్గుపడవలసిన విషయమే. పడుతున్నాను.

వచ్చే ఆదివారం పొద్దున మల్కాజ్‌గిరి వెళుతున్నాం. రాజశ్రీ కుంకుమ భరిణె, పసుపు, వాళ్ళకి బట్టలు ఇప్పుడే సంచీలో సర్దేసింది. రెండేళ్ళ కింద జరిగిన గృహప్రవేశానికి ఇప్పుడు పిలుపేమిటని దారిలో ఎవరైనా నవ్వుతారేమో అన్నాను. నవ్వనియ్యుండ్రి అంది. వెళ్ళేముందు ఒక మెసేజ్ పెట్టనా, ఇంట్లో ఉంటారో లేదో అన్నాను.

రాజశ్రీ నా వైపు అదోలా చూసి, "ఫోన్ ఇంట్లనే పెట్టి రాండ్రి," అంది.